వెన్నుపూస ఆపరేషన్ తరువాత నాన్నను ఇంటికి తెచ్చుకున్నాం: ఇంట్లో ఎవరు ఏం చేయాలి?

తాటివనం (జనగామ జిల్లా):

అందరికీ నమస్కారం. మా నాన్న కల్లుగీత కార్మికుడు, వయసు యాభై దాటింది. ఈ వేసవిలో తాటిచెట్టు దిగుతుండగా మోకు జారి కింద పడ్డారు. ఎల్1 అనే వెన్నుపూస (నడుము భాగంలో మొదటిది) నలిగి, ఎముక ముక్క వెన్నుపాము వైపు నెట్టుకుపోయిందని స్కానింగులో తేలితే, హైదరాబాదులో రాడ్లు, స్క్రూలు వేసి ఆపరేషన్ చేశారు. నరాల దారి పూర్తిగా తెగిపోలేదని, కొంత మిగిలి ఉందని డాక్టర్లు అన్నారు. ఇప్పుడు తొడల మీద చెయ్యి వేస్తే ఆయనకు తెలుస్తోంది, మోకాళ్లను కొద్దిగా కదిలించగలుగుతున్నారు. పాదాల్లో మాత్రం కదలికా లేదు, స్పర్శా లేదు. యూరిన్ పైపు ఉంది. నడుముకు బెల్టు పెట్టి రోజూ కొంతసేపు కూర్చోబెట్టమని చెప్పి డిశ్చార్జి చేశారు.

ఆసుపత్రిలో నలుగురు నర్సులు వంతులవారీగా చేసిన పనులన్నీ ఇంటికి వచ్చాక మా అమ్మ ఒక్కతే చేస్తోంది. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ వారానికి ఒకసారి ఊరికి వెళ్తున్నాను. మా చెల్లెలిని పక్క ఊరికే ఇచ్చాం, బాబాయి వాళ్లు అదే వాడలో ఉంటారు. చేయడానికి అందరూ సిద్ధంగానే ఉన్నారు, కానీ ఏం చేయాలో తెలియక వచ్చినవాళ్లంతా మంచం చుట్టూ కూర్చుని జాలి పడి వెళ్తున్నారు. నాన్న నీళ్లు తాగడం తగ్గించేశారు. బ్యాగు నిండితే అమ్మ మళ్లీ లేవాలని ఆయన బాధ. తోకపూస దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ కనిపిస్తోంది. నువ్వుల నూనెతో మర్దన చేసి, వావిలాకు నీళ్లతో కాళ్లకు కాపడం పెట్టాలని పెద్దవాళ్లు, పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించాలని ఇంకొందరు పట్టుబడుతున్నారు. ఉన్న అర ఎకరం అమ్మి స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లు చేయిస్తే నడుస్తారని ఒక బంధువు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఇలాంటి పరిస్థితిని ఇంట్లో దాటినవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు దేన్ని పట్టుకోవాలో, పనిని ఇంటిల్లిపాదీ ఎలా పంచుకోవాలో చెప్పగలరు.

ఓరుగల్లు ఫిజియో:

తాటివనం గారూ, నేను వరంగల్లులో ఫిజియోథెరపిస్టుగా పని చేస్తున్నాను. ముందుగా ఆ ఎర్రటి మచ్చ సంగతి చూద్దాం, ఎందుకంటే మిగిలినవన్నీ నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు, అది ఆగదు. మచ్చ మీద వేలితో నొక్కి తీయండి. నొక్కినచోట తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే రక్తం ఆడుతోందని అర్థం. నొక్కినా ఎరుపు అలాగే నిలిచి ఉంటే పడకపుండు మొదలైనట్టే. అప్పుడు ఆ ఎరుపు పూర్తిగా పోయేదాకా ఆయన వెల్లకిలా పడుకోకూడదు, ఆ భాగం మీద బరువు వేసి కూర్చోకూడదు కూడా. దాని మీద నూనె రుద్దడం, మర్దన చేయడం అసలు వద్దు, లోపల నలిగి ఉన్న కండ ఇంకా నలుగుతుంది. చర్మం చిట్లినా, నల్లబడినా, నీరు కారినా ఇంటి వైద్యం ఆపి డాక్టరుకు చూపించండి.

పగలూ రాత్రీ రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. ఇది ఒక్కరు చేసే పని కాదు, ముఖ్యంగా రాడ్లు వేసిన మనిషి విషయంలో. ఇద్దరు నిలబడి, కింద పరచిన దుప్పటిని పట్టుకుని, భుజమూ తుంటీ ఒకేసారి తిరిగేలా, నడుము మెలిక పడకుండా దుంగను దొర్లించినట్టు దొర్లించాలి. పూర్తిగా పక్కకు కాకుండా, వీపు వెనుక దిండు పెట్టి కొంచెం ఏటవాలుగా పడుకోబెడితే తుంటి ఎముక మీద కూడా ఒత్తిడి పడదు. మోకాళ్ల మధ్య ఒక దిండు, పిక్కల కింద ఒక దిండు ఉంచి మడమలు గాలిలో ఉండేలా చూడండి. నులక మంచమూ నవారు మంచమూ కుంగుతాయి, కాబట్టి బల్ల లాంటి గట్టి మంచం మీద మంచి పరుపు వేయండి. ఎయిర్ బెడ్ కొనగలిగితే మేలే, కానీ అది ఉంది కదా అని పక్క మార్చడం మానకూడదు. మందుల షాపులో అమ్మే గుండ్రటి రబ్బరు రింగు మాత్రం కొనకండి. అంచుల దగ్గర రక్తాన్ని ఆపేసి అదే పుండు తెస్తుంది.

వావిలాకు కాపడం గురించి మీ పెద్దవాళ్లకు నొప్పి కలగకుండా చెప్పండి: స్పర్శ లేని పాదానికి నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో తెలియదు, బొబ్బలు లేచాకే మనకు తెలుస్తుంది. పిక్కల మర్దన కూడా ఇప్పుడు మంచిది కాదు, గాయం తరువాత మొదటి మూడు నెలల్లో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. ఒక కాలు వాచినా, వేడెక్కినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక నడక సంగతి. మెరుగుదల మొదటి ఆరు నెలల్లో వేగంగా, ఏడాది వరకూ ఓ మోస్తరుగా ఉంటుంది, ఆ తరువాత కూడా కొందరిలో నెమ్మదిగా కొనసాగుతుంది. మోకాళ్లు కదలడం మంచి సూచన. తొడ ముందువైపు కండరం బలపడితే, చీలమండలకు స్ప్లింట్లు (పాదం వాలకుండా పట్టి ఉంచే ఆనుపట్టీలు) పెట్టుకుని కర్రల సాయంతో నిలబడి, కొంత దూరం నడిచే అవకాశం ఉంటుంది. ఎంత దూరం అన్నది ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, చెప్పేవాళ్లను నమ్మకండి. అందాకా పాదాలు కిందికి వాలి బిగుసుకుపోకుండా రోజూ చీలమండను మెల్లగా పైకి వంచి పట్టుకోవాలి. పడుకున్నప్పుడు పాదానికి ఆనుగా స్ప్లింటు ఉండాలి. ఇంకొక మాట: ఏళ్ల తరబడి చెట్లెక్కిన మనిషి భుజాల్లో, చేతుల్లో ఉండే బలం మా దగ్గరికి వచ్చే ఆఫీసు ఉద్యోగులకు ఉండదు. మంచం మీది నుంచి కుర్చీలోకి జరగడానికి కావలసింది సరిగ్గా ఆ బలమే. సర్జన్ అనుమతి ఇచ్చాక దాన్ని వాడుకోవాలి, అందాకా పడుకోబెట్టి పాడుచేయకూడదు.

మూడు చక్రాలు (ఒంగోలు):

తమ్ముడూ, నాకు ఛాతీ భాగంలో వెన్ను దెబ్బతింది. లారీ ఢీకొట్టింది. చక్రాల కుర్చీలో ఉంటూనే సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్నాను. ఫిజియో గారు చర్మం గురించి చెప్పారు కనుక నేను మూత్రం, విరేచనం గురించి చెబుతాను. వీటిని గురించి ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు, కానీ మనిషి కుంగిపోయేది నడక పోయినందుకు కాదు, వీటికోసం ఇంకొకరి మీద ఆధారపడవలసి వచ్చినందుకే. మీ నాన్నగారు నీళ్లు మానేయడానికి కారణం కూడా అదే. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి, పైపులో మడ్డి చేరి, ఇన్‌ఫెక్షన్ వచ్చి చివరికి మీ అమ్మగారికే పని పెరుగుతుంది. ఈ మాట ఆయనతో ఇలాగే చెప్పండి, వింటారు. డాక్టరు వేరేగా చెప్పకపోతే రోజుకు రెండు లీటర్ల వరకూ తాగాలి. బ్యాగు ఎప్పుడూ పొట్ట కంటే కిందే ఉండాలి, కుర్చీలో కూర్చోబెట్టేటప్పుడు ఒళ్లో పెట్టకూడదు.

పైపు శాశ్వతం కాదని కూడా ఆయనకు తెలియాలి. నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి సన్నని గొట్టం తనే పెట్టుకుని, మూత్రం తీసేసి, గొట్టం బయటికి తీసేసే పద్ధతి ఉంది. 1972లో అమెరికాలో లాపిడీస్ అనే యూరాలజిస్టు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఆపరేషన్ థియేటరులో ఉండేంత శుభ్రత అవసరం లేదని, సబ్బుతో కడిగిన చేతులు, శుభ్రమైన గొట్టం చాలునని ఆయన చూపించిన తరువాతే మాలాంటివాళ్లు పైపు లేకుండా బయట తిరగగలిగారు. ఒక్కోసారి నాలుగైదు వందల మిల్లీలీటర్లకు మించి మూత్రం నిలవకుండా చూసుకోవాలి, అందుకని మొదట్లో కొలత డబ్బాలో పోసి కాగితం మీద రాసుకోవాలి. చేతులు బాగా పనిచేసే మీ నాన్నగారికి ఇది తేలికగా పట్టుబడుతుంది. యూరాలజిస్టునో పునరావాస వైద్యుడినో అడిగి, నర్సు దగ్గర నేర్చుకున్నాకే మొదలుపెట్టండి. చలిజ్వరం వస్తే వెంటనే చూపించాలి, కానీ జ్వరమూ బాధా ఏమీ లేకుండా కేవలం పరీక్షలో క్రిములు కనిపించాయని ప్రతిసారీ యాంటీబయాటిక్స్ మింగకూడదు.

విరేచనానికి ఒక వేళ పెట్టుకోవాలి. పొద్దున టీ, టిఫిన్ అయిన అరగంటకు పేగు తనంతట తనే కదులుతుంది, అప్పుడు రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీలో కూర్చోబెట్టాలి. ఎల్1 దగ్గర దెబ్బ తగిలినవారిలో చాలామందికి కింది కండరం వదులుగా ఉంటుంది కాబట్టి గ్లౌజు, జెల్లీ వేసుకుని వేలితోనే తీయవలసి రావచ్చు. ఏ పద్ధతి సరిపోతుందో డాక్టరు పరీక్షించి చెబుతారు. జొన్నరొట్టె, ఆకుకూరలు, వేళకు భోజనం దీనికి పెద్ద సాయం. ఆ సమయంలో తలుపు మూసి ఉండాలి. చూడవచ్చిన చుట్టాలు పక్క గదిలో కూర్చున్నా సరే, వాళ్లను అరుగు మీదికి పంపించండి.

ఆయనను ముట్టుకునే ముందు ఒక మాట చెప్పి ముట్టుకోండి. పక్క మార్చే వేళలు ఆయన ఫోన్‌లోనే అలారం పెట్టించండి, ఆయనే మిమ్మల్ని పిలవాలి. కాళ్లూ మడమలూ అద్దంలో చూసుకోవడం ఆయన పనే. భార్యాభర్తల సంబంధం గురించి ఆయనకు సందేహాలు ఉంటాయి, కొడుకును అడగరు. డాక్టరు దగ్గర ఆయనను ఒంటరిగా వదిలి మీరు బయటికి రండి. ఇది చదివే మిగతావారికి ఒక హెచ్చరిక: ఛాతీ ఆరో పూస దగ్గరో అంతకంటే పైనో దెబ్బ తగిలిన నాలాంటివారికి పైపు మూసుకుపోయినా, మలబద్ధకం అయినా ఉన్నట్టుండి బీపీ పెరిగి తల పగిలిపోయేంత నొప్పి వస్తుంది. వెంటనే కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులుచేసి, పైపు చూడాలి, తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. మీ నాన్నగారి గాయం చాలా కింద ఉంది కనుక ఆ భయం లేదు.

రాత్రిపూట రెండు గంటలకొకసారి అన్నదాని మీద ఒక మాట. చర్మం తట్టుకుంటోందని చూసుకుంటూ ఆ వ్యవధిని మెల్లగా పెంచారు నాకు. లేకపోతే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

ఓరుగల్లు ఫిజియో:

అన్నగారు చెప్పింది నిజమే, కానీ మచ్చ ఉన్నంతకాలం వద్దు. అది పోయాక, పొద్దున చర్మం చూసి ఎరుపు లేకపోతే అరగంట చొప్పున పెంచుకోవచ్చు. కుర్చీలో కూర్చున్నప్పుడు మాత్రం పావుగంట, అరగంటకొకసారి చేతుల మీద లేచో, ముందుకీ పక్కలకీ వంగో బరువు మార్చడం జీవితాంతం ఉండాలి. ఆపరేషన్ అయిన నడుము కాబట్టి, వంగడం ఎప్పటినుంచి మొదలుపెట్టాలో సర్జన్‌ను అడగండి.

తాటివనం:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నొక్కి చూశాం, ఎరుపు పోవడం లేదు. నాన్నను పక్కలమీదే ఉంచుతున్నాం. రాత్రి వంతు బాబాయి తీసుకున్నారు. అలారం సంగతి చెప్పగానే నాన్న చాలా రోజుల తరువాత కాస్త గట్టిగా మాట్లాడారు, అర్ధరాత్రి బాబాయిని పేరుపెట్టి లేపుతున్నారట. ఇప్పుడు వేరే చిక్కులు వచ్చాయి. మా ఇంటి గడప ఎత్తుగా ఉంటుంది, మరుగుదొడ్డి వాకిలి దాటి అవతల ఉంది. గడప కోయించడానికి అమ్మ ఒప్పుకోవడం లేదు. మంచం నుంచి కుర్చీలోకి జరగడానికి పలక కావాలని, ఇంటికి వచ్చిన ఇక్కడి ఫిజియో చెప్పారు. ఇంట్లో పాత తాటి పలకలు ఉన్నాయి, వాటితో చేయించమని నాన్న అంటున్నారు. అమ్మకు నడుము నొప్పి మొదలైంది.

పెన్నా తీరం (నెల్లూరు):

మావారు కట్టుబడి పనిలో పరంజా మీది నుంచి పడ్డారు. మేము కాట్పాడిలో రైలు దిగి, వేలూరు సీఎంసీ వాళ్ల బాగాయం పునరావాస కేంద్రంలో ఉండి వచ్చాం. ఆ కేంద్రాన్ని 1966లో మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడి, చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసినావిడ. అక్కడ రోగికి ఎంత నేర్పుతారో వెంట వచ్చిన మనిషికీ అంతే నేర్పుతారు. మీకు వీలైతే అటువంటి చోట కొంతకాలం ఉండి రండి. ఎక్కడికి వెళ్లినా మీ అమ్మగారి ఒక్కరినే కాదు, బాబాయినో చెల్లెలినో కూడా తీసుకెళ్లండి. నేర్చుకున్న మనిషి ఒక్కరే అయితే ఆ మనిషి జబ్బు పడిన రోజున ఇల్లు ఆగిపోతుంది.

గడప కోయవద్దు. మా అత్తగారు కూడా ససేమిరా అన్నారు. శుక్రవారం పసుపు రాసే గడపను మా కోసం తీసేయమని అడగడం నాకూ నచ్చలేదు. వడ్రంగి చేత గడపకు అటూ ఇటూ ఆనేలా రెండు చెక్క వాలుబల్లలు చేయించాం, కావలసినప్పుడు వేసి తీసేస్తాం. ఎత్తు ఒక అంగుళం అయితే వాలు ఒక అడుగు పొడవు ఉండాలన్నది లెక్క. అంత చోటు లేకపోతే తక్కువ చేయవచ్చు కానీ వెనుక ఒక మనిషి పట్టుకోవాలి. కుర్చీ కొనే ముందు తలుపు సందు కొలవండి. మా ఇంట్లో కుర్చీ వచ్చాక తలుపు చాలక, రెక్క ఊడదీసి కర్టెన్ కట్టుకున్నాం. మరుగుదొడ్డికి వాకిలి దాటించనక్కర లేదు. గదిలోనే ఒక మూల కమోడ్ కుర్చీ, కింద బకెట్, ముందు తెర పెట్టుకుంటే వానాకాలం గడుస్తుంది. తరువాత గదికి ఆనించి చిన్న స్నానాల గది కట్టుకోవచ్చు.

తాటి పలక మాత్రం వద్దండీ. ఎంత చిత్రిక పట్టినా దానికి పీచు లేస్తుంది, స్పర్శ లేని చర్మంలో పేడు దిగితే ఆయనకు తెలియదు. మందపాటి ప్లైవుడ్డో వేపచెక్కో తీసుకుని, రెండున్నర అడుగుల పొడవు, జానెడు వెడల్పు ఉండేలా కోయించి, అంచులు గుండ్రంగా తీయించి, నున్నగా వార్నిష్ వేయించండి. మంచం ఎత్తూ కుర్చీ ఎత్తూ సమానంగా ఉంటేనే పలక పనిచేస్తుంది, లేకపోతే మంచం కోళ్ల కింద దిమ్మలు పెట్టండి. కొలతలు చెప్పి దగ్గరుండి చేయించే పని మీ నాన్నగారికే వదిలేయండి.

అమ్మగారి నడుము నొప్పిని తేలికగా తీసుకోకండి. ఆవిడ ఎత్తడం పూర్తిగా మానాలి. జరపాలి, దొర్లించాలి, అంతే. వారంలో కనీసం ఒక పూట ఆవిడ ఇంటి నుంచి బయటికి వెళ్లాలి, గుడికో కూతురింటికో. మొదట్లో వెళ్లరు. మీ చెల్లెలు ఆ పూట వచ్చి కూర్చుని పంపించాలి. చూడవచ్చే చుట్టాలకు నేను ఒక పని చెప్పేదాన్ని: ఒకరికి బట్టలు ఆరేయడం, ఒకరికి మందుల షాపుకు వెళ్లడం, ఏమీ చేతకాని పెద్దాయనకు మావారితో పులిజూదం ఆడటం. జాలి మాటలు వాటంతట అవే తగ్గాయి. ఆ పెద్దాయన ఓడిపోయినప్పుడల్లా మళ్లీ వచ్చేవారు, అది వేరే కథ.

ఓరుగల్లు ఫిజియో:

స్టెమ్ సెల్ గురించి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. వెన్నుపాము గాయానికి అది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, అనుమతి పొందిన ప్రయోగాల బయట దీన్ని చికిత్సగా ఇవ్వకూడదు. అనుమతి ఉన్న ప్రయోగంలో చేరినవారి దగ్గర డబ్బు తీసుకోరు. డబ్బు అడుగుతున్నారంటే అక్కడే ఆగిపోండి, అర ఎకరం అమ్మకండి. మొదటి ఏడాదిలో ఎలాగూ కొంత మెరుగుదల వస్తుంది కాబట్టి, ఆ సమయంలో ఏ ఇంజెక్షన్ చేసినా అదే పనిచేసినట్టు కనిపిస్తుంది. పుత్తూరు కట్టు విషయమూ చెబుతాను. చెయ్యి విరిగితేనో కాలు విరిగితేనో జనం అక్కడికి వెళ్తారు, అది వేరే చర్చ. ఇక్కడ ఎముకను రాడ్లు ఇప్పటికే పట్టి ఉంచాయి, కోలుకోవలసింది నరం. కట్టు నరాన్ని ఏమీ చేయలేదు, పైగా అంత దూరం బండిలో కుదుపులు, కట్టు కింద ఒరిపిడి.

దస్త్రాల సుబ్బయ్య (ఖమ్మం):

డబ్బు విషయం రాస్తున్నాను. జిల్లా ఆసుపత్రి వైద్య బోర్డు ఇచ్చే వికలాంగ ధ్రువపత్రానికి, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. కోలుకునే అవకాశం ఉన్నవారికి గడువుతో తాత్కాలిక పత్రం ఇస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం చాలా పథకాలకు 40 శాతం వైకల్యం ఉండాలి. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో నెలకు 4,016 రూపాయలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 6,000, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు, అటువైపు వారు చూసుకోండి. చక్రాల కుర్చీకి వికలాంగులకు ఉపకరణాలు ఇచ్చే కేంద్రం అడిప్ పథకం కింద, ఆ ఉపకరణాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలిమ్కో శిబిరాల్లో ప్రయత్నించవచ్చు.

మీ నాన్నగారు లైసెన్సు ఉన్న గీత కార్మికుడై, గీత కార్మికుల సొసైటీలో సభ్యులైతే, చెట్టు మీది నుంచి పడి శాశ్వత వైకల్యం వచ్చినవారికి ఉండే ఎక్స్‌గ్రేషియా (ప్రభుత్వ ఆర్థిక సాయం) వేరు. దానికి ఎక్సైజ్ స్టేషన్‌లో ప్రమాదం నమోదై ఉండాలి. ఇంకా కాకపోతే సొసైటీ అధ్యక్షుడిని వెంటబెట్టుకుని ఈ వారమే వెళ్లండి. డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోటు, స్కాన్ రిపోర్టు, గీత సభ్యత్వ కార్డు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం నాలుగేసి జిరాక్సులు తీయించి పెట్టుకోండి. అసలు పత్రాలు ఏ కార్యాలయంలోనూ వదలకండి, ఇచ్చిన ప్రతి దరఖాస్తుకూ రసీదు అడిగి తీసుకోండి.